చిన్న విమాన సంస్థలో కో-పైలట్ ఉద్యోగం: సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఓర్వకల్లులో దిగేదీ కడపలో దిగేదీ ఎక్కువగా ఏటీఆర్ విమానమే. రెండు ప్రొపెల్లర్లు, డెబ్బై పైచిలుకు సీట్లు, గంట అటూ ఇటూ ప్రయాణం. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి పెద్ద జెట్ సంస్థల పిలుపు కోసం ఎదురుచూసే మన జిల్లాల పిల్లలకు ఇలాంటి విమానాలు నడిపే చిన్న సంస్థ నుంచి ఆఫర్ రావచ్చు. వచ్చిన రోజు ఇంట్లో సంబరమే. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. ఆఫర్ లెటర్‌తో పాటు, ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తానని రాసిచ్చే బాండు కాగితం వస్తుంది, సంతకానికి నాలుగు రోజుల గడువు ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఏ లెక్క వేయాలో, ఏ వాక్యం దగ్గర ఆగాలో ఇక్కడ రాస్తున్నాం. అభ్యర్థి ఒక్కరే కాకుండా, అప్పు మీద సంతకం పెట్టిన అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదవాలి.

ముందే ఒక మాట. జీతం తక్కువన్న ఒక్క కారణంతో ఆఫర్ వదులుకోవద్దు. తక్కువ జీతాన్ని రెండేళ్లు ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనివి రెండున్నాయి: విమానం ఎక్కని నెలలు, బయటికి పోనివ్వని బాండు. కింద వేసే లెక్కలన్నీ ఈ రెంటినీ ముందే పసిగట్టడానికే.

జీతం ఎందుకు తక్కువ

180 సీట్ల జెట్‌కైనా 70 సీట్ల ఏటీఆర్‌కైనా ముందు కూర్చునేది ఇద్దరే. ఆ ఇద్దరి జీతం అక్కడ 180 టికెట్ల మీద పడితే ఇక్కడ 70 మీద పడుతుంది. పైగా చిన్న ఊళ్ల మార్గాల్లో టికెట్ ధర పెంచే వీలు తక్కువ. చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి కొన్ని సీట్లను సుమారు 2,500 రూపాయల పరిమితిలో అమ్మాలన్నది మొదటి నుంచీ ఉన్న షరతు. ఆ నష్టాన్ని పూడ్చడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, ఆ మార్గంలో వేరే సంస్థ రాకుండా ఇచ్చే హక్కు మూడేళ్ల వరకే. ఆ మూడేళ్లు నిండిన మార్గాన్ని సంస్థ తగ్గించుకుంటే ముందుగా తగ్గేవి పైలట్ల ఫ్లయింగ్ గంటలు.

కడప వాళ్లకు ఇది కళ్లముందు జరిగిన చరిత్ర. 2015 జూన్‌లో విమానాశ్రయం మొదలైనప్పుడు బెంగళూరు నుంచి వచ్చింది ఎయిర్ పెగాసస్. ఏడాది తిరిగాక, 2016 జూలైలో అది ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ మొదలైన రోజు ప్రధాని జెండా ఊపిన మార్గాల్లో ట్రూజెట్ నడిపిన కడప-హైదరాబాద్ ఒకటి. ఆ ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగింది. రెండూ ఏటీఆర్లు నడిపిన సంస్థలే. మార్గం మనకు మిగిలింది, వేరే సంస్థ వచ్చి నడుపుతోంది. పైలట్‌కు మాత్రం ఆగిపోవడమంటే జీతం ఆగడం ఒక్కటే కాదు. ఎగరకుండా గడిచిన ప్రతి నెలా లైసెన్స్ మీద తుప్పు పట్టినట్టే. దాని సంగతి కింద చెప్తాం.

ఇంకో కారణం కూడా తెలుసుకోవాలి. మన దేశంలో అసలు కొరత కెప్టెన్లకు. సీపీఎల్ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కో-పైలట్‌కు ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం సంస్థకు కనిపించదు. కెప్టెన్ పోతే మాత్రం విమానం నేల మీద నిలబడుతుంది. అందుకే చిన్న సంస్థ ఆరోగ్యం తెలియాలంటే కో-పైలట్ జీతం కన్నా అక్కడి కెప్టెన్లు నిలబడుతున్నారా పోతున్నారా అన్నది చూడాలి.

మొదటి లెక్క: చేతికొచ్చేది

ఆఫర్‌లో పెద్ద అక్షరాలతో "నెలకు 1,80,000" అని ఉందనుకుందాం. ఇక్కడి అంకెలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే. మీ కాగితంలో ఉన్నవి వాటి స్థానంలో పెట్టుకోండి.

ఆ మొత్తాన్ని ముక్కలు చేయాలి. మూల వేతనం 60,000. గంటకు 1,500 చొప్పున 70 గంటల ఫ్లయింగ్‌కు 1,05,000. వేరే ఊళ్లో రాత్రి బస చేసినందుకు 15,000. అన్నీ కలిస్తే 1,80,000. ఇప్పుడు హామీ గంటలు ఎన్నో వెతకండి. విమానం తిరిగినా తిరగకపోయినా ఇన్ని గంటలకు డబ్బిస్తామని రాసిన అంకె అది. 70 అని రాసి ఉంటే మంచిది. 40 అని ఉంటే, లేదా "ఫ్లయింగ్‌ను బట్టి" అని ఉంటే, ఆ 1,80,000 మీది కాదు. ఈ ఒక్క అంకె బరువెంతో తెలియాలంటే 2024 ఏప్రిల్‌లో విస్తారాలో జరిగింది గుర్తు చేసుకోండి. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు వచ్చిన కొత్త ఒప్పందంలో హామీ గంటలు 70 నుంచి 40కి తగ్గాయి. పైలట్లు అసంతృప్తితో డ్యూటీకి దూరంగా ఉండటంతో విమానాలు రద్దయి, సంస్థ రోజువారీ సర్వీసులనే తగ్గించుకోవాల్సి వచ్చింది.

నెలకు 45 గంటలే ఎగిరారనుకుందాం. 60,000కి 67,500 కలిపితే 1,27,500. అందులో పీఎఫ్ 12 శాతం లెక్కన 7,200 పోతుంది. ఏడాదికి 15,30,000 ఆదాయానికి, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేసి, కొత్త పన్ను విధానంలో 2025-26 శ్లాబులతో చూస్తే సెస్‌తో కలిపి 1,02,180 పన్ను. నెలకు దాదాపు 8,500. వృత్తి పన్ను 200. చేతికొచ్చేది సుమారు 1,11,600. సంస్థ తన వాటా పీఎఫ్‌ను, గ్రాట్యుటీని, బీమా ప్రీమియాన్ని కూడా "ఏడాది ప్యాకేజీ"లో కలిపి చూపిస్తే ఇంకా తగ్గుతుంది. ప్యాకేజీ అంకెను ఎప్పుడూ నమ్ముకోవద్దు. ప్రస్తుతం అక్కడ పనిచేసే కో-పైలట్ పే స్లిప్ ఎలా ఉంటుందో, పేరు చెరిపేసిన నకలైనా సరే, చూపించమని హెచ్ఆర్‌ను అడగండి.

ఇప్పుడు సీపీఎల్ చదువుకు తీసుకున్న అప్పు. 40 లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్లు. మొత్తం ఒకేసారి తీసుకుని, చదువుకాలం, మారటోరియం (వాయిదాలు ఇంకా మొదలుకాని గడువు) కలిపి రెండేళ్ల సాధారణ వడ్డీ కట్టకుండా వదిలేస్తే అసలు 48,40,000 అవుతుంది. ఈఎంఐ దాదాపు 65,300. విడతలుగా తీసుకుంటే కొంచెం తగ్గుతుంది. మారటోరియంలోనే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోతే అసలు 40 లక్షల దగ్గరే నిలిచి ఈఎంఐ 54,000 అవుతుంది. నెలకు పదకొండు వేల తేడా, పదేళ్ల పాటు. వీలుంటే ఆ వడ్డీ కట్టడం మానొద్దు.

మన దగ్గర ఇంకో భారం ఉంటుంది. పెద్ద విద్యారుణానికి బ్యాంకు తనఖా అడుగుతుంది, సాగుభూమిని తనఖాగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. బకాయి పడితే సర్ఫేసీ చట్టం కింద సాగుభూమిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు లేకపోవడం ఇందుకు కారణం. అందుకే పది ఎకరాలున్న కుటుంబం కూడా మిగిలిన సొమ్ము కోసం ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి వెళ్తుంది. 10 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 20,000, ఏడాదికి 24 శాతం, అసలు అణా కూడా తగ్గకుండా. 1,11,600లో ఈఎంఐ 65,300, ఈ వడ్డీ 20,000, బెంగళూరులో ఇద్దరు కలిసి ఉండే గదికి 15,000 పోతే మిగిలేది 11,300. తిండి, ఫోను, ఇంటికి రానుపోను అందులోనే. తొలి రెండేళ్లలో కాస్త మిగిలినా అది ఈఎంఐ ముందుగా కట్టడానికి కాకుండా రెండు రూపాయల అప్పు తీర్చడానికే వెళ్లాలి.

అసలు ప్రమాదం దీనికీ ముందుంటుంది. సంస్థలో చేరాక శిక్షణ నెలల్లో పూర్తి జీతం రాదు. స్టైపెండ్ 25,000 అనుకుంటే గది అద్దె పోగా 10,000. అప్పులకు కట్టాల్సింది 85,300. నెలకు 75,300 లోటు, తిండి ఖర్చు లెక్కేయకుండానే. ఆరు నెలలకు నాలుగున్నర లక్షలు దాటుతుంది. 5 లక్షలు పక్కన పెట్టుకోకుండా శిక్షణలో చేరితే మళ్లీ వడ్డీకి తేవాల్సిందే. అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

రెండో లెక్క: గంటలు

సీపీఎల్ వచ్చేటప్పటికి లాగ్‌బుక్‌లో 200 గంటలుంటాయి. ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ కెప్టెన్ లైసెన్స్‌కు) మొత్తం 1,500 గంటలు కావాలి, అది లేనిదే కెప్టెన్ కాలేరు. అంటే ఇంకో 1,300. నెలకు 70 గంటలు ఎగిరితే 19 నెలలు. 45 ఎగిరితే 29 నెలలు. సంస్థలో సగం విమానాలు విడిభాగాల కోసం హ్యాంగర్‌లో పడి ఉండి మీకు 25 గంటలే దొరికితే 52 నెలలు. జీతంలో ఇరవై వేల తేడా కన్నా ఈ తేడా ఎంతో పెద్దది. ఎందుకంటే కెప్టెన్ అయ్యాక జీతం మెట్టు మెట్టుగా పెరగదు, ఒక్క దూకు దూకుతుంది. ఆ రోజు రెండేళ్లు వెనక్కి పోతే పోయే డబ్బు ఏ బోనస్సూ పూడ్చలేదు.

ఏడాదికి 1,000 గంటలు మించి ఎగరకూడదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరిమితి ఉంది, అంటే నెలకు సగటున 83. అందువల్ల నెలకు 90 గంటలు గ్యారంటీ అని ఎవరైనా ఏజెంటు చెబితే అది అబద్ధం.

గంటలను ఎలా లెక్కిస్తారో కూడా చూసుకోవాలి. డబ్బు వచ్చేది బ్లాక్ గంటలకు: విమానం పార్కింగ్ నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ నిలబడే వరకు. చిన్న మార్గాల్లో ఇదే దెబ్బ. గంట చొప్పున నాలుగు ట్రిప్పులు చేస్తే బ్లాక్ 4 గంటలు. గంట ముందు రిపోర్టింగ్, మధ్యలో మూడు సార్లు అరగంట చొప్పున ఆగడం, చివర అరగంట కాగితాల పని కలిపితే డ్యూటీ 7 గంటలు. జెట్ మీద రెండున్నర గంటల ట్రిప్పులు రెండు చేసినవాడికి దాదాపు అదే 7 గంటల డ్యూటీకి 5 బ్లాక్ గంటలు పడతాయి. ఒకే అలసటకు అతనికి ఐదు గంటల డబ్బు, మీకు నాలుగు గంటల డబ్బు. కాబట్టి ఏటీఆర్ సంస్థతో మాట్లాడేటప్పుడు ట్రిప్పుకు ఇంత అని ల్యాండింగ్ అలవెన్స్ ఉందా అని అడగండి. అయితే నాలుగు ట్రిప్పులంటే నాలుగు టేకాఫ్‌లు, నాలుగు ల్యాండింగ్‌లు. చేతికి పని బాగా పడుతుంది. నేర్చుకునే వయసులో అది చిన్న లాభం కాదు.

ఇంకో ప్రశ్న: సూపర్‌విజన్ కింద కమాండ్ గంటలు (పీ1 అండర్ సూపర్‌విజన్), అంటే కెప్టెన్ పర్యవేక్షణలో కెప్టెన్ పని మీరే చేసిన గంటలు, లాగ్‌లో వేయనిస్తారా, ఎన్ని గంటల తర్వాత? ఏటీపీఎల్‌కు మొత్తం గంటలు ఒక్కటే చాలవు, కమాండ్ గంటలూ అడుగుతారు. ఈ జవాబు నోటిమాటగా కాకుండా ఆపరేషన్స్ మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చెప్పగలిగిన సంస్థ పద్ధతిగా నడుస్తున్నట్టే.

మూడో లెక్క: బాండు

టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) శిక్షణ ఖర్చు సంస్థ పెట్టుకుంటే దానికి బదులు ఇన్నేళ్లు పనిచేయాలని రాయించుకుంటుంది. అందులో అన్యాయం లేదు. అన్యాయం వివరాల్లో దూరుతుంది. ఐదు చోట్ల ఆగి చదవండి.

బాండు కాలం ఎప్పటి నుంచి? సంతకం రోజు నుంచా, లైన్ రిలీజ్ (శిక్షణంతా ముగిసి మామూలు డ్యూటీకి అనుమతించిన) రోజు నుంచా? గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్, విమానంలో టేకాఫ్ ల్యాండింగ్ శిక్షణ, డీజీసీఏ ఎండార్స్‌మెంట్, ఆ తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన లైన్ ట్రైనింగ్, చివర రిలీజ్ చెక్. ఇవన్నీ వరుసగా జరిగితే కొన్ని నెలలు. సిమ్యులేటర్ స్లాట్ దొరక్కపోయినా ట్రైనింగ్ కెప్టెన్లు ఉద్యోగం మానేసినా ఏడాది. బాండు రిలీజ్ నుంచి మొదలైతే నాలుగేళ్ల కాగితం ఐదేళ్లవుతుంది. శిక్షణ మొదలైన రోజు నుంచి లెక్కించమని అడగండి. ఒప్పుకోకపోతే "సంతకం నుంచి 6 నెలలు దాటితే, రిలీజ్ కాకున్నా, కాలం మొదలవుతుంది" అని రాయించండి.

మొత్తం నెలనెలా తగ్గుతుందా? 20 లక్షల బాండు, 48 నెలలు. నెలకు తగ్గాల్సింది 41,667. 36 నెలలు చేసి వెళ్తే కట్టాల్సింది 5 లక్షలు. "ఎప్పుడు వదిలినా పూర్తి మొత్తం" అని రాసి ఉంటే 47వ నెలలో కూడా 20 లక్షలే. ఈ ఒక్క వాక్యం మార్పించుకోవడానికి మిగతా బేరాలన్నీ వదులుకున్నా తప్పులేదు.

ఆ 20 లక్షలు నిజంగా అయిన ఖర్చేనా? ఉద్యోగ బాండు చెల్లదని ఊళ్లో కొందరు ధైర్యం చెప్తారు. నమ్మొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల కనీస సేవ, 2 లక్షల పరిహారం అన్న షరతును సమర్థించింది. అదే సమయంలో కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసినా దక్కేది అందులోపు సమంజసమైన పరిహారమే. కాబట్టి శిక్షణకు అయిన ఖర్చు విడివిడిగా అనుబంధంలో రాయమనండి: సిమ్యులేటర్ గంటలు ఇన్ని, గంటకు ఇంత, బస ఇంత. రేపు వివాదమొస్తే ఆ పేజీయే మీకు ఆధారం.

బాండు ఎప్పుడు రద్దవుతుంది? ఇది మామూలుగా రాయరు, రాయించుకోవాలి. జీతం 45 లేదా 60 రోజులు ఆలస్యమైతే, సంస్థ విమానాలు ఆగిపోతే, మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే బాండు ఉండదని రాతపూర్వకంగా కావాలి. ఆడపిల్లలు ఇంకొకటి అడగాలి. గర్భం వల్ల కొంతకాలం ఫ్లయింగ్ ఆపాల్సి ఉంటుంది, 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఆ కాలం బాండులో కలుస్తుందా, బాండు అంత మేర వెనక్కి జరుగుతుందా? కలుస్తుందని రాయించుకోండి.

హామీగా ఏం ఇస్తున్నారు? తేదీ, మొత్తం లేని సంతకం చేసిన చెక్కు ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వొద్దు. చెక్కు వెనక్కొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు, సాధారణ డబ్బు తగాదా కాదు. తప్పదంటే మొత్తం రాసి, వెనకవైపు "శిక్షణ బాండు హామీ కోసం మాత్రమే" అని రాసి, నకలు మీద సంస్థ ముద్ర, సంతకం తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, లైసెన్స్ వాళ్ల దగ్గర ఉంచొద్దు. చూపించి తెచ్చుకోవాలి.

టైప్ రేటింగ్ డబ్బు మీరే కట్టి, పైగా బాండు కూడా రాయమంటే అక్కడితో మాటలు ఆపేయండి. ఖర్చు మీదైనప్పుడు బాండుకు ఆధారమే లేదు. అలాగే "ఇన్ని లక్షలిస్తే ఫలానా సంస్థలో సీటు" అనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి

ఎన్ని విమానాలున్నాయని అడగొద్దు, "ఈ నెలలో రోజూ ఎగురుతున్నవి ఎన్ని" అని అడగండి. ఒక ఏటీఆర్‌ను వారమంతా తిప్పడానికి సుమారు ఐదారు జతల పైలట్లు కావాలి. నాలుగు విమానాలు తిరుగుతూ నలభై మంది కో-పైలట్లు ఉంటే మీకు గంటలు రావు. గత ఏడాది ఎంతమంది కెప్టెన్లు వెళ్లారు, ట్రైనింగ్ కెప్టెన్లు ఎంతమంది మిగిలారు అన్నది ఇంకా ముఖ్యం. ఇద్దరే ఉంటే, వాళ్లలో ఒకరు రాజీనామా చేసిన రోజు మీ లైన్ ట్రైనింగ్ ఆగుతుంది. మీకంటే ముందు చేరిన బ్యాచ్ రిలీజ్ కావడానికి ఎన్ని నెలలు పట్టిందో ఆ బ్యాచ్‌లోని ఇద్దరిని కనుక్కుంటే చాలు. హెచ్ఆర్ చెప్పేదాని కన్నా అది నిజం.

సీనియారిటీ జాబితా రాతలో ఉందా, కెప్టెన్ అప్‌గ్రేడ్ ఆ వరుసలోనే ఇస్తారా? బయటి నుంచి కెప్టెన్లను తెచ్చి పెట్టే సంస్థలో జాబితా ఉన్నా లేనట్టే. మెడికల్ పోతే ఆదుకునే లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా సంస్థ చేయిస్తుందా, ఎంతకు? లేకపోతే చేరిన మొదటి నెలలో మీరే చేయించుకోండి. 40 ఏళ్లలోపు క్లాస్-1 మెడికల్ ఏడాదికోసారి జరుగుతుంది. 48 లక్షల అప్పు మీద కూర్చున్నవాడికి ఆ ఒక్క పరీక్షే ఇంటి పునాది.

విమానం రకం కూడా చూడాలి. ఏటీఆర్ 72 రేటింగ్ ఉంటే ఇండిగో, అలయన్స్ ఎయిర్, ఫ్లై91 వంటి చోట్ల పనికొస్తుంది. దేశంలో ఒకటి రెండు సంస్థలే నడిపే విమానం మీద రేటింగ్ వస్తే, ఆ సంస్థ బాగా లేకపోయినా పోయే చోటు ఉండదు. అలాంటి ఆఫర్‌కు బాండు సగం కాలమైనా ఉండాలని పట్టుబట్టడం న్యాయమే.

బేస్ ఎక్కడన్నది జీతంలో భాగమే. అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయం జాతీయ రహదారి 44 మీద దగ్గరే అనిపిస్తుంది, కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా అంతే. అద్దె మిగులుతుందని ఇంటి నుంచే వెళ్లి డ్యూటీ చేయాలన్న ఆశ పుడుతుంది. తెల్లవారుజామున 5 గంటల రిపోర్టింగ్‌కు రాత్రి ఒంటిగంటకు ఇంట్లో బయల్దేరడమంటే నిద్ర లేకుండా కాక్‌పిట్ ఎక్కడం. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కొల్గాన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ విమానం కో-పైలట్ ముందు రాత్రంతా దేశం ఆ కొస నుంచి ఈ కొసకు ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ఏడాదికి ఆమె సంపాదన 16 వేల డాలర్లకు అటూ ఇటూ అన్నది విచారణలో బయటపడి అందరినీ నివ్వెరపరిచింది. ప్రమాదానికి కారణంగా దర్యాప్తు చెప్పింది కెప్టెన్ తప్పు స్పందనే. కానీ ప్రాంతీయ సంస్థల్లో జీతం, అలసట గురించి దేశమంతా మాట్లాడుకున్నది ఆ తర్వాతే. అక్కడ కో-పైలట్‌కూ 1,500 గంటలు కావాలన్న నిబంధన 2013లో వచ్చింది. పైలట్లు దొరక్క గ్రేట్ లేక్స్ అనే చిన్న సంస్థ 2018లో విమానాలు ఆపేసింది. చివరికి 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింది ప్రాంతీయ సంస్థలు కొత్త కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు ఇస్తామన్నాయి. డబ్బు లేదని ఏళ్ల తరబడి చెప్పినవాళ్లే, సీట్లు ఖాళీ అయ్యాక ఇచ్చారు. జీతం గురించి అడగడానికి సిగ్గుపడే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కాబట్టి అద్దె మిగుల్చుకోవడానికి నిద్రను అమ్ముకోవద్దు. బేస్‌లో గది తీసుకోండి, వారపు విశ్రాంతి రోజుల్లోనే ఇంటికి రండి. డీజీసీఏ ఆ విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. మీ రోస్టర్‌లో అది నిజంగా వస్తోందో లేదో ప్రతి వారం చూసుకోండి.

సంస్థ జబ్బు పడిందని ఎలా తెలుస్తుంది

జీతం ఆగే ముందు వేరేవి ఆగుతాయి. నెలకోసారి ఈపీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. పే స్లిప్‌లో పీఎఫ్ కోసి, పాస్‌బుక్‌లో జమ కాకపోతే అది మొదటి హెచ్చరిక. మూడు నెలలకోసారి 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను చూపే ఆదాయపన్ను పత్రం) చూడండి. టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టకపోతే రెండోది. ఆ తర్వాత సిమ్యులేటర్ చెక్‌లు చివరి వారానికి జరగడం, లేఓవర్ (వేరే ఊళ్లో రాత్రి బస) హోటల్ మారుతూ ఉండటం, ఒక విమానం నుంచి విడిభాగాలు తీసి ఇంకోదానికి పెట్టడం, ఫ్లయింగ్ అలవెన్స్ ఒక నెల, మూల వేతనం ఇంకో నెల వేయడం. వీటిలో రెండు కనబడితే దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాలి. మూడు కనబడితే నోటీసు గురించి ఆలోచించాలి.

ఎందుకింత తొందరంటే, ఎగరని పైలట్ విలువ కాలంతో కరిగిపోతుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు లేకపోతే రీసెన్సీ (డ్యూటీకి కావాల్సిన తాజా అనుభవం) పోతుంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ ఏడాదికోసారి, ప్రొఫిషియెన్సీ చెక్ ఆరు నెలలకోసారి జరగాలి. సంస్థ మూతపడితే ఈ చెక్‌లు సొంత ఖర్చుతో, సిమ్యులేటర్ అద్దెకు తీసుకుని చేసుకోవాలి. విమానాలు ఆగిన సంస్థలో "మళ్లీ మొదలవుతుంది" అని ఆరు నెలలు కూర్చున్నవాళ్లకు పోయింది ఆరు నెలల జీతం ఒక్కటే కాదు.

వదిలి వెళ్లేటప్పుడు

డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం నోటీసు కాలం కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది. ఆ కాలంలో పైలట్ డ్యూటీకి నిరాకరించకూడదు, సంస్థ అతని డ్యూటీ హక్కులను తగ్గించకూడదు. ఏడాది నోటీసంటే మంచి అవకాశం చేజారేంత కాలమే. కెప్టెన్ అయ్యాక మారడం కన్నా, మారాల్సి ఉంటే కో-పైలట్‌గానే మారడం తేలికన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

నోటీసు ఇవ్వకుండా పోవద్దు. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చేయకుండా వెళ్లారని ఆ సంస్థ కోర్టుకెక్కింది. పెద్ద సంస్థలో చేరినవాడికైనా కోర్టు కాగితాలు వస్తే సగం జీతం వకీలుకే. రాజీనామా ఈమెయిల్‌లో పంపి, అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి, అందినట్టు జవాబు తీసుకోండి. గడువు ఆ తేదీ నుంచే లెక్క. కొత్త సంస్థ ఆఫర్ కాగితం చేతికి రాకముందు ఇది చేయొద్దు, చేరే తేదీ ఆరు నెలల తర్వాత పెట్టమని వాళ్లను ముందే అడగండి. గడువు తగ్గించడానికి పాత సంస్థ ఒప్పుకుంటే అదీ రాతలోనే ఉండాలి.

ఆ ఆరు నెలల్లో లాగ్‌బుక్‌ను సంస్థ రికార్డులతో నెలనెలా సరిచూసి ముద్ర వేయించుకోండి. ఆపరేషన్స్ వాళ్లు మారిపోయాక ఆ సంతకాలు దొరకవు. శిక్షణ రికార్డులు, చెక్ ఫారాలు నకళ్లు తీసుకోండి. బాండు మిగులు ఎంతో సంస్థ లెక్కను రాతలో అడగండి, 41,667 చొప్పున మీరు వేసుకున్న లెక్కతో పోల్చండి. తేడా ఉంటే కట్టే ముందే తేల్చుకోవాలి. డబ్బు ఖాతా నుంచే పంపాలి, నగదు వద్దు. చివరి రోజు తీసుకోవాల్సినవి నాలుగు: రిలీవింగ్ లెటర్, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), "బాండు ముగిసింది, బకాయి లేదు" అన్న కాగితం, హామీగా ఇచ్చిన చెక్కు. ఆ చెక్కు నంబరును మీ దగ్గరున్న నకలుతో సరిచూసి, అక్కడే వాళ్ల ముందే చించేయండి.